మత్తులో నొప్పి ఎక్కడికి పోతుంది?

మన భాషలో ‘మత్తు’ అనే మాటకు చాకిరీ ఎక్కువ. కల్లు తాగినవాడిది మత్తే. రాత్రంతా మేలుకుని తెల్లవారుజామున కునికేవాడిది మత్తే. పన్ను పీకే ముందు చిగురుకు పొడిచేది మత్తు సూదే. కడుపు కోసే ముందు చేతి నరానికి ఎక్కించేదీ మత్తు మందే. తాగిన కైపు, నిద్ర, తిమ్మిరి, తెలివి తప్పడం - నాలుగు సంగతులను ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. ఆసుపత్రిలో మాత్రం ఉంది. ‘మత్తు ఇచ్చారు గదా, ఇంకా నొప్పేమిటి?’ అని రోగినే కసురుకునే బంధువులను మనం చూస్తూనే ఉంటాం.

‘నరం’ సంగతీ ఇంతే. రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకుపోయే సిరనూ నరం అంటాం, నొప్పి కబురును మెదడుకు మోసే నాడినీ నరమే అంటాం. మత్తు మందు పోయేది మొదటి నరంలో, నొప్పి నడిచేది రెండో నరంలో. రెండూ వేర్వేరు దారులు. ఒక దారిన పంపిన మందు రెండో దారిన నడిచేదాన్ని ఆపుతుందా అన్నదే ఈ వ్యాసంలో ప్రశ్న. దీనికి జవాబు దొరకడానికి వైద్యులకు వంద సంవత్సరాలకు పైగా పట్టింది. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం తెలుగు నేల మీదే, హైదరాబాదులో జరిగింది.

కొరాపుట్, రాయగడ జిల్లాల తెలుగువారికి ఈ ప్రశ్నతో మరో సంబంధం కూడా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన జయపురం సంస్థానం మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో భాగం. జబ్బు ముదిరితే అరకు మీదుగానో సాలూరు మీదుగానో విశాఖ వెళ్ళడం ఇక్కడివారికి ఈనాటికీ అలవాటే. 1954 నుంచి బిస్సంకటక్‌లో క్రిస్టియన్ ఆసుపత్రి ఉంది. లమ్తపుట్‌లో ఆశాకిరణ్ ఆసుపత్రి ఉంది. 2017 నుంచి కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ పేరిట వైద్య కళాశాల కూడా నడుస్తున్నది. లమ్తపుట్ చుట్టుపక్కల చూడండి: గదబలు, పరజలు, దేసియా మాట్లాడేవారు, ఒడియావారు, మాచ్‌ఖండ్ ప్రాంతంలో స్థిరపడిన తెలుగువారు. ఇలాంటి చోట రోగి భాష ఒకటి, నర్సమ్మ భాష ఒకటి, డాక్టరుగారి భాష మరొకటి కావడం మామూలే. నొప్పి అనేది రోగి చెబితేనే తెలిసే వస్తువు. మత్తు ఆ చెప్పే నోటినే మూస్తుంది. భాష రాకపోవడమూ అదే పని చేస్తుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం అవసరమని నా అభిప్రాయం.

*

శస్త్రచికిత్సకు ముందు రోగికి తీక్షణమైన మద్యం పట్టించమని మన సుశ్రుతుడే చెప్పాడు. మత్తుడైనవాడికి కత్తి తెలియదని ఆయన భావం. అక్కడ ఆయన వాడిన సంస్కృత పదం ‘మత్త’. మన మత్తు ఆ మాట బిడ్డే. అంటే ‘మత్తెక్కితే నొప్పి తెలియదు’ అన్న నమ్మకం మనకు మాటతోపాటే వారసత్వంగా వచ్చిందన్నమాట.

ఐరోపా, అమెరికాల్లోనూ చాలాకాలం మద్యం, నల్లమందే దిక్కు. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథరు ఆవిరిని పీల్పించి, రోగి కదలకుండా ఆపరేషను జరిగేటట్టు చూపించాడు. మరుసటి ఏడాది నవంబరులో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారం వాడాడు. కొద్ది నెలల్లోనే ఆ రెండూ కలకత్తా చేరాయి. అంతకు ముందే, 1845లో, హుగ్లీలో ఎస్డేల్ అనే సర్జను ఏ మందూ లేకుండా సమ్మోహన విద్యతో నిద్రపుచ్చి పెద్ద పెద్ద కంతులు కోశాడు. ఆవిర్లు వచ్చాక ఆ విద్య వెనుకబడిపోయింది.

క్లోరోఫారం పని త్వరగా చేసేది, కాని అక్కడక్కడా రోగులు బల్ల మీదే హఠాత్తుగా చనిపోయేవారు. చావు శ్వాస ఆగడంవల్లా, గుండె ఆగడంవల్లా అని పెద్ద వాదం బయలుదేరింది. హైదరాబాదు రెసిడెన్సీ సర్జనూ, అక్కడి వైద్య పాఠశాల పెద్దా అయిన ఎడ్వర్డ్ లారీ, ‘శ్వాసను కనిపెట్టి చూస్తే చాలు, గుండెకేమీ కాదు’ అనే పక్షం. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రోత్సాహంతో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషను పని చేసింది. దాని ఫలితాలను లండన్‌లోని ‘లాన్సెట్’ పత్రిక నమ్మలేదు. మీరే ఒకరిని పంపించి చూసుకోండి, ఖర్చు మాది అని నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చాడు. అలా లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాదు వచ్చాడు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు - నాలుగు వందలకు పైగా జంతువుల మీద రెండవ కమిషను ప్రయోగాలు జరిపింది. లారీ చెప్పిందే నిజమని తేల్చింది.

అది నిజం కాదని 1911లో గుడ్‌మన్ లీవీ చూపించాడు. క్లోరోఫారం గుండె లయను చెడగొట్టగలదు. పైగా ఆ ప్రమాదం మత్తు లోతుగా ఉన్నప్పటికన్నా, పైపైన ఉన్నప్పుడే ఎక్కువ. అర నిద్రలో ఉన్న శరీరం ఉలిక్కిపడి రక్తంలోకి ఎడ్రినలిన్ వదిలితే గుండె గతి తప్పుతుంది. శరీరం నిద్రలోనూ ఉలిక్కిపడుతుందన్న ఈ సంగతిని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. దీని పని ముందు ముందు ఉంది.

హైదరాబాదు కమిషను చరిత్రలో రూపాబాయి ఫర్దూన్‌జీ పేరు మరచిపోరానిది. లారీ శిష్యురాలైన ఈ పార్సీ వైద్యురాలు 1880లలోనే హైదరాబాదులో రోగులకు క్లోరోఫారం ఇచ్చింది. తరువాత 1909 ప్రాంతంలో ఎడింబరో వెళ్ళి మళ్ళీ చదువుకుంది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలు ఆమేనని చాలామంది లెక్కిస్తారు.

ఇంత పెద్ద వాదంలో శ్వాస గురించి, గుండె గురించి వందల పేజీలు నిండాయి. నొప్పి గురించి ప్రశ్న రానేలేదు. అది పోయిందనే అందరూ అనుకున్నారు. రోగి కదలడం లేదు, లేచాక ఏమీ తెలియలేదంటున్నాడు. ఇంకేం కావాలి?

*

ముక్కుదారి కాకుండా రక్తం దారిన మందు పంపవచ్చునన్న ఆలోచన ఈథరుకన్నా పాతది. రక్తం శరీరమంతా తిరుగుతుందని హార్వీ 1628లో ప్రకటించాడు. 1656లో క్రిస్టఫర్ రెన్ - తరువాత లండన్‌లో సెయింట్ పాల్ చర్చి కట్టిన శిల్పి ఈయనే - పక్షి ఈకను గొట్టంలా చేసి, ఒక కుక్క సిరలోకి నల్లమందు ద్రావణం ఎక్కించాడు. కుక్క సోలిపోయింది, తరువాత కోలుకుంది. 1805 నాటికి జర్మనీలో సెర్ట్యూర్నర్ నల్లమందులోంచి మార్ఫీను వేరు చేశాడు. 1853లో ఎడింబరోలో అలెగ్జాండర్ వుడ్ బోలు సూదితో చర్మం కిందికి దాన్ని ఎక్కించాడు. 1870లలో ఫ్రాన్సులో ఓరే అనే వైద్యుడు క్లోరల్ హైడ్రేటును నేరుగా సిరలోకి ఎక్కించి మనుషులను నిద్రపుచ్చాడు. ప్రమాదాలు ఎక్కువవడంతో అది నిలవలేదు.

సూదిమందు నిద్ర నిజంగా నిలదొక్కుకున్నది 1934లో. ఆ ఏడాది అమెరికాలో వాటర్స్, లండీ అనే ఇద్దరు వైద్యులు వేర్వేరు చోట్ల థయోపెంటోను వాడటం మొదలుపెట్టారు. పెంటొథాల్ అన్న పేరుతో మన దేశంలో రెండు తరాల రోగులు ఎరిగిన మందు ఇదే. ‘అంకెలు లెక్కపెట్టమన్నారు, పది దాకా పోలేదు’ అని మన పెద్దలు చెప్పే మందు. చేతి సిరలో ఎక్కించిన మందు గుండె మీదుగా మెదడు చేరడానికి అర నిమిషం చాలు. ఈథరు వాసన లేదు, ఉక్కిరిబిక్కిరి లేదు, నలుగురు పట్టుకోనక్కరలేదు. రోగికి ఇంతకన్నా సుఖం ఏముంది?

అయితే దాన్ని వాడే వైద్యులు ఒక వింత గమనించారు. గాఢనిద్రలో ఉన్నట్టే కనిపించే రోగి, కత్తి తగలగానే చేయి లాక్కునేవాడు. నాడి వేగం పెరిగేది, చెమట పట్టేది, మూసిన కంటి కొసల్లో నీరు నిలిచేది. నిద్ర ఉంది. మరి ఇవన్నీ ఎవరి తాలూకు?

1960లో ఇంగ్లండులో క్లటన్ బ్రాక్, ఉత్తర ఐర్లండులో జాన్ డండీ దీన్ని కొలిచి చూశారు. డండీ ఎంచుకున్న పద్ధతి మనందరికీ అనుభవమున్న చోటే: మోకాలి కింద ముందుకు పొడుచుకుని ఉండే ఎముక. మంచం కోడు తగిలితే ప్రాణం లేచివచ్చే ఆ ఎముక మీద కొలతగా ఒత్తిడి పెంచుతూ, ఎంత ఒత్తిడికి రోగి నొప్పి అంటున్నాడో, కాలు లాక్కుంటున్నాడో రాసుకున్నాడు. మార్ఫీను వంటి మందు ఇచ్చినప్పుడు ఎక్కువ ఒత్తిడిని ఓర్చుకున్నారు. థయోపెంటోను కొద్ది మోతాదులో ఇచ్చినప్పుడు, ఏ మందూ ఇవ్వనప్పటికన్నా తక్కువ ఒత్తిడికే కాలు లాక్కున్నారు. అంటే ఆ మందు అర నిద్రలో నొప్పిని తగ్గించలేదు సరికదా, పెంచింది.

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే నొప్పి నడిచే దారి తెలియాలి. దెబ్బ తగిలిన చోట నాడుల కొసలు మేలుకుంటాయి. కబురు నాడుల వెంట వెన్నుపాముకు చేరుతుంది. అక్కడినుంచి మెదడుకు ఎక్కుతుంది. పన్ను పీకే ముందు చేసే సూది ఆ నాడిని దారిలోనే కట్టేస్తుంది, కబురు బయలుదేరదు. మార్ఫీను, ఫెంటనిల్ వంటివి వెన్నుపాములోనూ మెదడులోనూ ఆ కబురు గొంతు తగ్గిస్తాయి. థయోపెంటోను, డయజిపాం వంటి నిద్రమందులు పని చేసేది వేరే చోట. మెదడులో ‘గాబా’ అనే పదార్థం కణాలను జోకొట్టి శాంతపరుస్తుంది. ఈ మందులు దాని బలాన్ని పెంచుతాయి. ఉత్తరం ఇంటికి రానే వచ్చింది. తపాలా బంట్రోతు తలుపు కొడుతూనే ఉన్నాడు. ఇంట్లోవాళ్ళు నిద్రపోతున్నారు, అంతే.

మరి నొప్పి పెరగడం ఎందుకు? మెదడు తనకు వచ్చే నొప్పి కబుర్లను తానే కొంత అణచి పెడుతూ ఉంటుంది. కొద్దిపాటి నిద్రమందు ముందుగా ఆ కావలివాడినే నిద్రపుచ్చుతుందని శాస్త్రజ్ఞులు చెప్పే కారణాల్లో ఒకటి.

*

నొప్పి అంటే ఒక్క వస్తువు కాదని కూడా ఆ కాలంలోనే తేలింది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇటలీలోని ఏంజియో తీరాన గాయపడిన సైనికులను హెన్రీ బీచర్ అనే మత్తు వైద్యుడు ప్రశ్నించాడు. పెద్ద గాయాలున్న రెండు వందల పైచిలుకు మందిలో నలుగురిలో ముగ్గురు నొప్పికి మందు అక్కరలేదన్నారు. యుద్ధంలోంచి ప్రాణాలతో బయటపడ్డామన్న ఊరట వారి నొప్పిని మార్చివేసింది. ఈ సంగతి ఆయన 1946లో ప్రకటించాడు. 1968లో రోనల్డ్ మెల్జాక్, కెన్నెత్ కేసీ దీన్ని సూత్రంగా చెప్పారు: నొప్పిలో ‘ఎక్కడ, ఎంత’ అనే భాగం ఒకటి, ‘ఇక భరించలేను’ అనే భాగం మరొకటి. మార్ఫీను తీసుకున్న రోగులు ‘నొప్పి ఉంది గాని నన్నంతగా పట్టించడం లేదు’ అనడానికి అర్థం ఇదే. నిద్రమందు కూడా భయాన్ని తగ్గించి రెండో భాగాన్ని కొంత మెత్తబరచగలదు. ఆ మేలును కాదనరాదు. కాని భయం పోవడం వేరు, నొప్పి పోవడం వేరు.

ఇక మరపు సంగతి. 1963లో డయజిపాం వచ్చింది. తరువాత మిడజొలాం వచ్చింది. ఇవి ఇచ్చాక రోగి పిలిస్తే పలుకుతాడు, చెప్పినట్టు పక్కకు తిరుగుతాడు, కాని ఆ సమయంలో జరిగినది తరువాత జ్ఞాపకం ఉండదు. గొంతులోంచి గొట్టం వేసి కడుపు చూసే పరీక్షల్లో, విరిగిన ఎముక సరిచేసేటప్పుడు ఇవి బాగా పనికొస్తాయి. రోగి ఆ కాసేపూ మూలిగి ఉండవచ్చు, చేయి తోసి ఉండవచ్చు. గంట తరువాత అడిగితే ‘ఏమీ తెలియలేదండీ’ అంటాడు. అతడు అబద్ధమాడటం లేదు. మరి అప్పుడు మూలిగినవాడెవరు? గుర్తులేని నొప్పి నొప్పి కాదా?

కదలలేకపోవడం మూడో తెర. 1942లో మాంట్రియల్‌లో గ్రిఫిత్ అనే వైద్యుడు క్యురారీ అనే మందును ఆపరేషన్లలోకి తెచ్చాడు. దక్షిణ అమెరికా అడవి జనం బాణాలకు పూసే విషం అది. కండరాలను పూర్తిగా సడలిస్తుంది. అది మత్తు కూడా ఇస్తుందని కొందరు భ్రమపడ్డారు. అది తేల్చుకోవడానికి స్కాట్ స్మిత్ అనే అమెరికా వైద్యుడు తన మీదే ప్రయోగం చేయించుకున్నాడు. కనురెప్ప కూడా కదపలేని స్థితిలో అతడికి కృత్రిమంగా శ్వాస ఇచ్చారు. లేచాక, మొదటినుంచీ చివరిదాకా అంతా తెలిసిందనీ, సూది గుచ్చితే నొప్పి తెలిసిందనీ చెప్పాడు. ఆ నివేదిక 1947లో అచ్చయింది.

1977లో స్కాట్లండులో టన్‌స్టాల్ ఒక చిన్న ఉపాయం కనిపెట్టాడు. కండరాలు సడలించే మందు ఇచ్చే ముందు రోగి చేతికి రక్తపోటు చూసే పట్టీ బిగించి కడితే, ఆ చేతికి మందు చేరదు. శరీరమంతా కదలకపోయినా ఆ చేయి కదలగలదు. ‘తెలుస్తూ ఉంటే నా చేయి నొక్కమ్మా’ అని సిజేరియన్ జరుగుతున్న తల్లులను అడిగాడు. కొందరు నొక్కారు. ఆపరేషను తరువాత వారికి ఆ సంగతే గుర్తులేదు.

నిద్ర, మరపు, కదలకపోవడం - మూడూ కలిస్తే బయటివాళ్ళకు రోగి హాయిగా ఉన్నట్టే కనిపిస్తాడు. మూడింటిలో ఏదీ నొప్పి లేకపోవడం కాదు.

మనసు మరచినా శరీరం లెక్క రాసుకుంటుంది. 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ ఎలుకల మీద ప్రయోగాలు చేసి, గట్టి దెబ్బ కబుర్లు వచ్చాక వెన్నుపాము కణాలే మారిపోయి, ఆపైన చిన్న తాకిడికి కూడా పెద్దగా స్పందిస్తాయని చూపించాడు. ఆపరేషను నాటి నొప్పిని అప్పుడే అణచకపోతే తరువాతి నొప్పి పెరగవచ్చునన్న ఆలోచన దీనినుంచే బలపడింది.

అన్నిటికన్నా బాధాకరమైనది పసిపిల్లల కథ. అప్పుడే పుట్టిన బిడ్డకు నొప్పి సరిగా తెలియదనీ, గుర్తుండదనీ, గట్టి మందు తట్టుకోలేడనీ 1980ల దాకా చాలా పెద్ద ఆసుపత్రుల్లోనే నమ్మేవారు. కండరాలు సడలించే మందుతో, కొద్దిపాటి నైట్రస్ ఆక్సైడుతో నెలలు నిండని పిల్లలకు గుండె దగ్గర ఆపరేషన్లు చేసేవారు. బిడ్డ ఏడవలేదు కనుక ఎవరికీ సందేహం రాలేదు. భారతదేశంలో పుట్టి ఆక్స్‌ఫర్డులో పనిచేస్తున్న కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు 1987లో రెండు జట్ల పిల్లలను పోల్చి చూపించారు. ఫెంటనిల్ కూడా ఇచ్చిన పిల్లల రక్తంలో ఆందోళన హార్మోన్లు తక్కువగా ఉన్నాయి, ఆపరేషను తరువాత ఇబ్బందులూ తక్కువే. మాట రాని బిడ్డ తరఫున రక్తం సాక్ష్యం చెప్పింది.

*

మన వంటి కొండప్రాంతాలకు దగ్గరి మందు ఒకటుంది - కెటమీన్. 1962లో అమెరికాలో కాల్విన్ స్టీవెన్స్ తయారుచేశాడు. 1964లో డొమినో, కార్సెన్ మొదటిసారి మనుషులకిచ్చి చూశారు. ఆ మొదటి మనుషులు జైలు ఖైదీలు. 1970లో అది వాడుకలోకి వచ్చింది. దాని తీరే వేరు. రోగి కళ్ళు తెరుచుకునే ఉంటాయి, శ్వాస సాధారణంగా ఆడుతూనే ఉంటుంది, రక్తపోటు పడిపోదు. నొప్పి మాత్రం నిజంగానే తగ్గుతుంది, ఎంచేతంటే అది నొప్పి కబురును మోసే ఏర్పాటు మీదే పని చేస్తుంది. పెద్ద యంత్రాలు, సిలిండర్లు లేని చిన్న ఆసుపత్రులకు ప్రపంచమంతటా అది ఆధారమయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో 1985 నుంచి ఉంది. దాని చిక్కు మరోచోట ఉంది. లేచేటప్పుడు కొందరికి వింత కలలు, భయాలు వస్తాయి. ‘గాలిలో తేలిపోయాను, చచ్చి బతికాను’ అంటారు. అందుకే దానితో కొంచెం నిద్రమందు కలిపి ఇస్తారు. చూడండి, ఒకటి నొప్పిని తీసి భయం పెడుతుంది, ఇంకొకటి భయం తీసి నొప్పిని ఉంచుతుంది. రెండూ కలిస్తేనే పని పూర్తవుతుంది. ఈనాటి మత్తు వైద్యమంతా ఇలాంటి పొత్తే: నిద్రకొకటి, నొప్పికొకటి, కండరాలకొకటి.

ఈ పొత్తులో మన దేశంలో తరచు కొరవడేది నొప్పి మందే. చట్టబద్ధంగా నల్లమందు పండించే దేశం మనది. ఘాజీపూర్‌లో ప్రభుత్వ కర్మాగారమే ఉంది. అయినా 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక, లైసెన్సుల గొడవకు జడిసి అనేక ఆసుపత్రులు మార్ఫీను నిలవ పెట్టడమే మానుకున్నాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించి అవసరమైన నొప్పి మందులకు దారి సులువు చేశారు. చట్టం మారినంత త్వరగా అలమారా నిండదు. నిద్రమందు సులువుగా దొరికి, నొప్పిమందు కష్టంగా దొరికే చోట, నిద్రనే నొప్పి నివారణ అనుకునే ప్రమాదం ఎక్కువ.

డండీ కాలం తరువాత ఇంకా కొత్త మందులు వచ్చాయి. 1986లో పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్ వచ్చింది. నిద్రపుచ్చే ఆ మందే సిరలో పోయేటప్పుడు చేయి మండుతుందని తీసుకున్నవారందరికీ తెలుసు. 1999లో డెక్స్‌మెడెటొమిడిన్ వచ్చింది. ఈ మూడింటినీ - అంటే మిడజొలాం, ప్రొపోఫాల్, డెక్స్‌మెడెటొమిడిన్‌లను - అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయ వైద్యులు ఆరోగ్యవంతులైన 86 మంది మీద పోల్చి 2013లో ఫలితాలు ప్రకటించారు. చలి, వేడి, కరెంటు, రక్తం ఆపి బిగించడం - నాలుగు విధాల నొప్పి కలిగించి, మందుకు ముందూ మందులోనూ పదికి ఎన్ని మార్కులో చెప్పమన్నారు. మిడజొలాంతో చలి, వేడి, కరెంటు నొప్పులు పెరిగాయి. ప్రొపోఫాల్‌తో బిగింపు నొప్పి తగ్గింది. డెక్స్‌మెడెటొమిడిన్‌తో చలి నొప్పీ, బిగింపు నొప్పీ తగ్గాయి. మార్పులు పెద్దవేమీ కావు, పదిలో ఒకటి రెండు మార్కులు. కాని చెప్పే సంగతి పెద్దది. నిద్రమందులన్నీ ఒక జాతివి కావు. ఒక్కో మందుకు, ఒక్కో రకం నొప్పికి లెక్క వేరు.

ఇది చదివి ఆపరేషనంటే బెదరవలసిన పని లేదు. శిక్షణ ఉన్న మత్తు వైద్యులకు ఇదంతా తెలిసినదే. పూర్తి మత్తులో నొప్పి మందు విడిగా ఇస్తారు, నాడి, రక్తపోటు కనిపెట్టి చూస్తారు. చిక్కంతా అర మత్తుతో చేసే చిన్న పనుల దగ్గర, ఆపరేషను తరువాతి రాత్రి దగ్గర. అక్కడ మళ్ళీ రోగి మాటే ఆధారం.

*

ఆ మాట ఏ భాషలో? నొప్పి మీద ప్రపంచ వైద్యులు 1979లో ఒప్పుకున్న నిర్వచనాన్ని 2020లో సవరించారు. మనిషి తనకు నొప్పిగా ఉందంటే ఆ మాటను గౌరవించాలనీ, చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేదనుకోరాదనీ దానికి వివరణ చేర్చారు. ఇందాక చెప్పిన మెల్జాకే 1975లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రశ్నావళి తెచ్చాడు. అందులో నొప్పిని వర్ణించే 78 ఇంగ్లీషు మాటలను ఇరవై గుంపులుగా పేర్చాడు. రోగి ఏ మాటను ఎంచుకున్నాడో చూస్తే జబ్బు జాడ దొరుకుతుందని ఆయన ఉద్దేశం.

మనకు ఆ మాటల కొరత లేదు. పుండు సలుపుతుంది. పన్ను పోటు పెడుతుంది. జ్వరానికి కాళ్ళు పీకుతాయి, ఒళ్ళు తీపులు పుడుతుంది. పేగులు మెలిపెడతాయి. నడుము కలుక్కుమంటుంది. మోచేయి తగిలితే జివ్వుమంటుంది. అరికాళ్ళు చిమచిమలాడతాయి, భగభగ మండుతాయి. ఇవి కవిత్వం కాదు, వైద్యుడికి పనికొచ్చే సమాచారం. సలుపు చీముకు గుర్తు కావచ్చు. ఆగి ఆగి మెలిపెట్టడం పేగుకో, మూత్రనాళానికో గుర్తు. మంట, చిమచిమ, జివ్వుమనడం నాడి దెబ్బతిన్నదనడానికి గుర్తు, దానికి మామూలు నొప్పి బిళ్ళలు అంతగా పని చేయవు. తెలుగు తెలిసిన వైద్యుడు ఈ తేడాను ఒక్క మాటలో పట్టుకుంటాడు. తెలియని చోట మన రోగి ఈ మాటలన్నీ మింగి, ‘బహుత్ దర్ద్’ అని ఊరుకుంటాడు.

ఒడియా ఇంటివాళ్ళతో కలిసి పెరిగిన మనకే మాట తడబడుతుంది. తలనొప్పిని వాళ్ళు ‘ముండ బింధుచి’ అంటే, కొత్తగా కాపురానికి వచ్చిన తెలుగు కోడలు మొదటిసారి విని మొహం ఎర్రజేసుకోవడం మన ఇళ్ళలో పాత హాస్యమే. ఆసుపత్రి మంచం మీద అది హాస్యం కాదు. మనకన్నా కష్టం గదబ ముసలమ్మది, కొండ దిగివచ్చిన బొండా తల్లిది. వాళ్ళు మూలగకుండా పడుకుంటే ‘కొండవాళ్ళు, ఓర్పు ఎక్కువ’ అనేస్తాం. పసిబిడ్డ ఏడవలేదు కనుక నొప్పి లేదన్న పెద్ద డాక్టర్ల తర్కానికీ దీనికీ తేడా ఏముంది?

కాబట్టి రోగి వెంట వెళ్ళే మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మత్తు ఇస్తామన్నప్పుడు, ‘నిద్రకు ఏమిస్తారు, నొప్పికి ఏమిస్తారు?’ అని రెండూ విడివిడిగా, వినయంగా అడగవచ్చు. మన మనిషి వాడిన మాటను మార్చకుండా, సలుపంటే సలుపనీ మంటంటే మంటనీ నర్సమ్మకు ఒడియాలో విడమరచి చెప్పవచ్చు. మాట రాకపోతే చేతి వేళ్ళున్నాయి: పది వేళ్ళలో ఎన్ని వేళ్ళంత నొప్పో చూపించమని ముందురోజే నేర్పవచ్చు. మగత వదలని రోగి మొహం చిట్లిస్తూ, ముడుచుకుంటూ, చేయి పెట్టనివ్వకుండా ఉంటే ‘మత్తులో ఉన్నాడులే’ అని కూర్చోక, ఆ సంగతి డ్యూటీలో ఉన్నవారికి చెప్పవచ్చు. పక్క మంచం మీది దేసియా మనిషికి మనకు వచ్చిన నాలుగు ముక్కలతో అదే సాయం చేయవచ్చు.

ఇంకొక పని కూడా ఉంది. జయపురం తెలుగుకూ, గుణుపురం తెలుగుకూ, రాయగడ తెలుగుకూ నొప్పి మాటల్లో తేడాలుంటాయి. వాటిని పోగుచేసి, పక్కన ఒడియా, దేసియా మాటలు రాసి ఒక కాగితం మీద పెడితే, ఏ ఆసుపత్రి గోడకైనా అది పనికొస్తుంది. దానికి పండితులు అక్కరలేదు, ప్రతి ఇంట్లోనూ ఉన్న ముసలమ్మలు చాలు.